వెలగలంకలో మొదటి ఆకాశహర్మ్యం

మా ఇల్లు ఆకాశహర్మ్యమని నాకు డెబ్బై మూడో ఏట తెలిసింది. అప్పటిదాకా నేనూ, మా వీధి వాళ్ళూ దాన్ని మేడ అనేవాళ్ళం. కింద మూడు గదులు, పైన ఒక గది, దాని ముందు డాబా, పంతొమ్మిది మెట్లు. పదకొండో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటాను. ఆగినప్పుడల్లా చెయ్యి ఆనించి ఆనించి అక్కడ గోడకు సున్నం కూడా పోయింది.

నేను చదివింది మూడో తరగతి. అదైనా పూర్తిగా కాదు. మా మేష్టారు ఏటి అవతల నుంచి పడవ మీద వచ్చేవారు, వానాకాలమంతా వచ్చేవారు కాదు. కాబట్టి ఆకాశహర్మ్యం అనే మాట నాకు తెలియకపోవడంలో వింతేమీ లేదు. మున్సిపాలిటీ వాళ్ళకూ తెలియదు చూడండి, అదీ వింత.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. వెలగలంక కొబ్బరి ఊరు. ఇళ్ళన్నీ చెట్ల కిందే. బయటి నుంచి వచ్చిన వాళ్ళు ఎంత చల్లగా ఉందో అంటారు. ఉంటుంది మరి, ఎండ ఉంటేగా! మా వీధిలో ఎండ జల్లెడలో పోసినట్టు చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆ ఎండకు వడియం ఎండదు, బూజు పడుతుంది. ఎండ నిండుగా పడే చోటు వీధి మొత్తానికి మా డాబా ఒక్కటే. తొంభై ఆరు తుఫానులో మా దొడ్లో పొడుగు చెట్లు పదకొండు పడిపోయాయి. మా ఆయన మూడు రోజులు అన్నం తినలేదు. నాలుగో రోజు లేచి, గుమ్మం పక్కన గంగబొండాం మొక్క ఒకటి నాటారు. అది పొట్టి రకం, నిలబడి కాయ కోసుకోవచ్చు. "ఇక ఎవర్నీ చెట్టెక్కమని బతిమాలక్కర్లేదే అచ్చాయమ్మా" అన్నారు. అలా మా డాబాకు ఆకాశం దక్కింది.

అప్పటి నుంచి రోహిణి కార్తె వచ్చిందంటే ఇరవై ఆరు ఇళ్ళ వాళ్ళ గుమ్మడి వడియాలు, మినప వడియాలు, ఊరమిరపకాయలు, అప్పడాలు అన్నీ మా డాబా మీదే. ఎవరికి ఏ మూలో ఎప్పుడో తేలిపోయింది. మృగశిర వస్తే వానలు దిగుతాయి. ఉన్నది పధ్నాలుగు రోజులు. అవి దాటిపోతే ఏడాదంతా పప్పన్నంలోకి నంజుకోవడానికి వీధిలో ఒక్క వడియం ఉండదు.

ఈ ఏడు ఆ పధ్నాలుగు రోజుల మీదకే వచ్చింది గండం.

పై నుంచి మా మున్సిపాలిటీకి ఒక ఫారం వచ్చిందట. అది నింపి పంపితే వెలగలంక 'మహా పట్టణం' అవుతుంది. అందులో పార్కులెన్ని, బస్సు షెల్టర్లెన్ని అని అడిగారు, నింపారు. పదిహేడో కాలమ్‌లో 'పట్టణంలోని ఆకాశహర్మ్యముల సంఖ్య' అని ఉంది. కమిషనర్ త్రివిక్రమరావు గారు అక్కడ ఆగిపోయారు. ఆయన ఊరికి కొత్త, ఉత్సాహం మనిషి. వెంటనే ఒక నిర్ణాయక సంఘం వేశారు. అందులో ఆయన, ఇంజనీరు ప్రభాకరం, రిటైరైన తెలుగు పండితులు శేషావతారం గారు. అక్కడ జరిగిందంతా నాకు పండితులు గారే మా అరుగు మీద కూర్చుని పూసగుచ్చినట్టు చెప్పారు.

"సున్నా అని రాస్తే పురపాలక సంఘ ప్రతిష్ఠకు భంగకరం. ఒకటి అని రాస్తే భవనం చూపవలసి ఉంటుంది. కావున ముందుగా పదార్థ నిర్ణయం జరగాలి" అన్నారట కమిషనర్ గారు.

పండితులు గారు గొంతు సవరించుకున్నారు. "హర్మ్యమంటే కలిగినవాళ్ళ మేడ. ఆకాశాన్ని తాకుతోందా అనిపించేంత ఎత్తైన మేడ ఆకాశహర్మ్యం."

"ఆకాశం ఎన్ని అడుగుల దగ్గర మొదలవుతుందండీ?" అని ప్రభాకరం అడిగాడు.

"అది చూసి ఆశ్చర్యపోవడానికయ్యా, కొలవడానికి కాదు."

"కొలవలేనిదాన్ని కాలమ్‌లో ఎలా నమోదు చేస్తాం?" అన్నారు కమిషనర్ గారు. "స్థానికంగా ఎత్తుకు ప్రమాణం ఏమున్నది?"

ప్రభాకరం కిటికీలోంచి బయటకు చూశాడు. "మన ఊళ్ళో ఏదైనా ఎత్తుగా ఉంటే కొబ్బరి చెట్టంత ఉందంటారండి."

అంతే, నిర్ణయమైపోయింది. పండితులు గారు రెండు గంటలసేపు కాదన్నారట. వాళ్ళు రెండు గంటలూ శ్రద్ధగా రాసుకుని, చివర్న ఆయనకు శాలువా కప్పారు. మర్నాడు నోటీసు బోర్డు మీద ఇలా పడింది: "ఏ భవనమైతే తన ప్రవేశద్వారమునకు అత్యంత సమీపమున గల కొబ్బరి చెట్టు కన్నా ఎత్తుగా నుండునో, అట్టి భవనము ఆకాశహర్మ్యముగా భావింపబడును."

ప్రభాకరం వెదురు గెడ పట్టుకుని మూడు రోజులు ఊరంతా తిరిగాడు. ఎక్కడ చూసినా చెట్టే ఇంటి కన్నా ఎత్తు. మూడో రోజు మధ్యాహ్నం మా గుమ్మం ముందుకు వచ్చి గంగబొండాన్ని చూశాడు. మా మేడను చూశాడు. మళ్ళీ గంగబొండాన్ని చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"మామ్మగారూ! మీ ఇల్లు నాలుగడుగుల ఎనిమిదంగుళాలు ఎక్కువండీ!"

"దేనికన్నా బాబూ?"

"ఆకాశం కన్నానండీ!"

పాపం, ఎండలో తిరిగాడు కదా అని మజ్జిగ ఇచ్చాను.

మర్నాడు బ్యాండు మేళంతో కమిషనర్ గారు వచ్చారు. గేటుకు 'ఆకాశహర్మ్యము' అని బోర్డు బిగించారు. నాకు దండ వేశారు. "ఈనాడు వెలగలంక తలెత్తుకుని నిలబడింది" అని ఉపన్యాసం ఇచ్చారు. జనమంతా తలెత్తి మా పైగది కేసి చూశారు. అక్కడ తాడు మీద నా లంగాలు ఆరేసి ఉన్నాయి. వాళ్ళు వాటికే చప్పట్లు కొట్టినట్టయింది. నాకు మాత్రం ఆ దండ బాగా నచ్చింది. చేమంతులు, మంచివి.

పక్కింటి వీరమణి ఆ సాయంత్రమే మినప్పప్పు నానబోసింది. గుమ్మడికాయ ముక్కలు ఉప్పు వేసి మూట కట్టింది. పొద్దున్నే పిండి రుబ్బి బేసిన్ నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి మా మెట్ల కింద కుర్చీ వేసుకుని ఒక మనిషి కూర్చున్నాడు. నోట్లో ఈల, చేతిలో రిజిస్టరు. వేరే ఎవరో కాదు, దాని మొగుడే, నూకరాజు. మున్సిపాలిటీలో వాటర్ ట్యాంకు దగ్గర పని చేస్తాడు. ఆ వేళ తెల్లారగట్ల ఇక్కడికి డ్యూటీ మార్చారట.

"లెగు, అడ్డం" అంది వీరమణి.

"ఆరోహణ అనుమతి పత్రం చూపించాలి."

"ఏ పత్రం?"

"ఆకాశహర్మ్యం ఎక్కాలంటే కాగితం కావాలంట. కమిషనర్ గారి సంతకం, ముద్ర."

"పిండి పులిసిపోద్ది. లెగుతావా, ఈ పిండి నీ నెత్తిన పెట్టమంటావా?"

నూకరాజు ఈల ఊదాడు. కట్టుకున్న పెళ్ళాం మీద ఈల ఊదిన మగాణ్ణి నా ఇన్నేళ్ళ జీవితంలో చూడలేదు. వీరమణీ చూడలేదు. ఆ రోజు వాడికి అన్నం మా ఇంట్లోనే పెట్టాల్సి వచ్చింది.

సంగతేమిటంటే, ఎత్తైన భవనాలకు నలభై పేజీల నియమాల పుస్తకం ఒకటుందట. ఆకాశహర్మ్యం అనిపించుకున్నాక అవన్నీ పాటించాల్సిందే. విమానాలకు హెచ్చరికగా పైన ఎర్ర జెండా కట్టారు. మా మీదుగా విమానం పోగా నేనెప్పుడూ చూడలేదు. కాకులు మాత్రం ఆ జెండాకు బెదిరి రావడం మానేశాయి, అదొక్కటే మేలు. పిట్టగోడ దగ్గరకు ఎవరూ రాకుండా తాడు కట్టారు. నా పైగదిలోకి నేను వెళ్ళాలన్నా కాగితమే.

వీధి ఆడవాళ్ళందరం అర్జీలు పెట్టాం. ఆరోహణ ఉద్దేశ్యము అన్న చోట వీరమణి 'వడియాలు' అని రాయించింది. మూడో రోజుకు జవాబు వచ్చింది: "వడియములు అను అంశము ఆకాశహర్మ్య వినియోగముల జాబితాలో లేనందున తిరస్కరించడమైనది."

అప్పటికి ఐదు రోజులు పోయాయి. నేనే ఆఫీసుకు వెళ్ళాను. కమిషనర్ గారి గది పై అంతస్తులో ఉంది. ఇరవై రెండు మెట్లు, రెండు చోట్ల ఆగాను.

"మామ్మగారూ, రండి రండి. మీ ఆకాశహర్మ్యం ఎలా ఉంది?" అన్నారు.

"ఉంది బాబూ. వడియాలే లేవు."

"ఆకాశహర్మ్యం మీద గుమ్మడి వడియాలా! రేపు తనిఖీ బృందం వస్తే ఏమనుకుంటుంది?"

"వేయించి పెడతాను బాబూ, ఏమీ అనుకోరు."

ఆయన నవ్వలేదు. "నియమాల విషయంలో భావోద్వేగాలకు తావు లేదు."

"ఇంకో తొమ్మిది రోజుల్లో మృగశిర బాబూ. వాన దిగిపోతుంది."

"ప్రకృతి సంబంధమైన అంశాలు ఈ కార్యాలయ పరిధిలోనివి కావు."

"పోనీ, మా ఇంటిని మళ్ళీ మామూలు ఇల్లు చేసెయ్యండి."

"అది అసాధ్యం. ఆకాశహర్మ్యముల సంఖ్య పెంచడానికి నిబంధన ఉంది. తగ్గించడానికి లేదు."

పెంచడం మాత్రం బాగా జరిగింది. మా గేటుకు బోర్డు, నా మెడలో దండ చూశాక ఊరంతటికీ ఆశ పుట్టింది. వీధి చివర కిరాణా కొట్టాయన గుమ్మం పక్కన కొబ్బరి మొక్క నాటాడు. మోకాలెత్తు మొక్క. ద్వారానికి అత్యంత సమీపమున గల చెట్టు అదే కదా! కొట్టు దాని కన్నా ఎత్తు. ప్రభాకరం గెడతో వచ్చి కొలిచి, బోర్డు బిగించి వెళ్ళాడు. ఇక చూడండి, రెండు రోజుల్లో నర్సరీల్లో కొబ్బరి మొక్క దొరకలేదు. తాటాకు పాకలు ఆకాశహర్మ్యాలయ్యాయి. గేదెల సావిడి అయింది. ఇస్త్రీ బండికి కూడా అడిగారు, కానీ చక్రాలున్న వాటి సంగతి పుస్తకంలో లేదన్నాడు ప్రభాకరం. ఒక పెళ్ళివారు శుభలేఖలో 'వరుని స్వగృహము, ఆకాశహర్మ్యము' అని అచ్చు వేయించారు. అమ్మాయి తరపు వాళ్ళు వచ్చి, నడుం వంచి ఆ ఇంట్లోకి దూరారు.

వారం తిరగకుండా పదిహేడో కాలమ్‌లో మూడు వందల పన్నెండు అని రాసి పంపేశారు.

అప్పుడు మొదలైంది ఊరికి నొప్పి. పాక కప్పు నేయాలంటే ఆరోహణ పత్రం. అటక మీద బిందె దించాలంటే ఆరోహణ పత్రం. సావిడి మీదికి ఎక్కిన కోడిని దించడానికి ఒకాయన పెట్టిన అర్జీకి, ఆ కోడి ఏ అనుమతితో ఎక్కిందో వివరణ ఇవ్వాలని జవాబు వచ్చింది. అయినా ఎవరూ బోర్డు పీకలేదు. హోదా కదా!

రోహిణిలో ఇక ఆరు రోజులే మిగిలాయి. వీరమణి పిండి రెండుసార్లు పులిసి పారబోసింది. మూడోసారి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మా అత్త మంచంలో ఉంది మామ్మా. నోటికి ఏదీ హితవు లేదు. ఆ వడియం ముక్క నంజుకుంటేనే నాలుగు మెతుకులు లోపలికి పోతాయి. ఈ యేడు ఏం పెట్టను?" అంది.

ఆ ముసలావిడా నేనూ ఒకే ఏడాది ఈ వీధికి కాపరానికి వచ్చాం. నాకా మాట గుండెలో గుచ్చుకుంది. ఆ మధ్యాహ్నమంతా అరుగు మీద కూర్చుని ఆలోచించాను. సాయంత్రం మా గంగబొండాం కిందికి వెళ్ళాను. అక్కడ మొలకెత్తిన కాయ ఒకటి ఉంది. దాన్ని కుండీలో పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, మర్నాడు వీధి ఆడవాళ్ళందర్నీ వెంటబెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు బయలుదేరాను.

"బాబూ, మా ఇంటికి ఇంత గౌరవం ఇచ్చారు. కృతజ్ఞతగా మా చెట్టు మొక్క తెచ్చాం. ఆఫీసు ముందు తమరి చేతుల మీదుగా నాటాలి" అన్నాను.

ఆయన పొంగిపోయారు. పచ్చదనం కార్యక్రమమని అప్పటికప్పుడు సర్క్యులర్ తీశారు. సిబ్బంది యావన్మంది కిందికి వచ్చి పాల్గొనాలని రాశారు. అందరూ దిగారు, పై అంతస్తులో ఈగ కూడా మిగల్లేదు. గుమ్మం పక్కనే గొయ్యి తీయించాం. కమిషనర్ గారు మొక్క నాటి, నీళ్ళు పోసి, నాటిన మొక్కను ఎన్నటికీ తొలగించబోమని అందరి చేతా ప్రమాణం చేయించారు. ఫోటోలు తీశారు. మేం బాగా చప్పట్లు కొట్టాం.

"ప్రభాకరం బాబూ," అన్నాను నేను, "ఇది ద్వారానికి దగ్గరేనా? మరీ ఎడమైపోయిందా?"

"లేదు మామ్మగారూ, అత్యంత సమీపమే..." అని ఆగిపోయాడు. చెయ్యి దానంతటదే గెడ కోసం వెళ్ళింది. మంచి పనివాడు, కొలవకుండా ఉండలేడు. మొక్క కొలిచాడు, అడుగున్నర. ఆఫీసు కొలిచాడు. సంచిలోంచి బోర్డు తీశాడు. ఈ మధ్య రెండు మూడు ఎప్పుడూ దగ్గర పెట్టుకు తిరుగుతున్నాడు లెండి.

బోర్డు బిగించిన తర్వాత కాపలా పెట్టాలి. ఆకాశహర్మ్య కాపలాలో అనుభవం ఉన్నవాడు ఊరికంతటికీ నూకరాజు ఒక్కడే. మా మెట్లకు అడ్డంగా తడిక కట్టి, సీలు వేసి రమ్మని పిలిపించారు. కుర్చీ, ఈల, రిజిస్టరు సహా వచ్చి మెట్ల కింద కూర్చున్నాడు.

కమిషనర్ గారు చేతులు కడుక్కుని మెట్ల వైపు నడిచారు.

"ఆరోహణ పత్రమండి" అన్నాడు నూకరాజు.

"నేనయ్యా, కమిషనర్ని."

"ఆయ్. తెలుసండి. పత్రమండి."

"ఆ పత్రం ఇచ్చేది నేనే!"

"ఇవ్వండి. సంతకం ఇక్కడ పెట్టండి, ముద్ర ఇక్కడ వెయ్యండి."

"ముద్ర పైన నా బల్ల మీద ఉంది."

"అయితే పత్రం చూపించి, పైకెళ్ళి తెచ్చుకోండి సార్."

కమిషనర్ గారు ఒక అడుగు ముందుకు వేశారు. నూకరాజు ఈల ఊదాడు. పెళ్ళాం మీదే ఊదినవాడికి కమిషనర్ ఒక లెక్కా! "శభాష్" అంది వీరమణి. పది రోజుల తర్వాత వాడితో మాట్లాడిన మొదటి మాట అది.

"ఆ మొక్క పీకెయ్యండి!" అని అరిచారు కమిషనర్ గారు.

"ఇందాకే ప్రమాణం చేశామండీ" అన్నారు సిబ్బంది ఒకే గొంతుతో.

రెండు రోజులపాటు వెలగలంక పురపాలక సంఘం సైకిల్ స్టాండులో నడిచింది. కాగితాలన్నీ పైన, మనుషులంతా కింద. పుట్టినవాళ్ళకు సర్టిఫికెట్ లేదు, పోయినవాళ్ళకు లేదు. కమిషనర్ గారు స్టూలు మీద కూర్చుని తన గది కిటికీ కేసి చూస్తూ ఉండేవారు. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. చూస్తే జాలేసింది. క్యారేజీలో ఉప్మా పంపాను.

మూడో రోజు ఆయనే శేషావతారం పండితులు గారిని పిలిపించారు.

"పండితులు గారూ, మీరే దారి చూపాలి. ఈ భవనాన్ని ఏమనాలి?"

"మేడ అనండి."

"మేడా?"

"అవును. మీరు నన్ను ఆకాశహర్మ్యమంటే ఏమిటని రెండు గంటలు అడిగారు. ఇక్కడున్నదేమిటని ఒక్కసారీ అడగలేదు. ఇవన్నీ మేడలు, పాకలు, సావిళ్ళు. ఇంకో మాటతో పనేముంది?"

కమిషనర్ గారు ప్రభాకరం వైపు తిరిగారు. ప్రభాకరం నలభై పేజీల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిప్పాడు. "మేడ ఎక్కడానికి ఏ నియమమూ లేదండి. అసలు మేడ అనేదే ఇందులో లేదండి."

"లేదా! అయితే నూకరాజూ, నేను ఎక్కుతున్నది మేడ. రాసుకో!"

నూకరాజు రిజిస్టరు తిరగేసి, ఆలోచించి, కుర్చీ జరిపాడు. కమిషనర్ గారు ఇరవై రెండు మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కారు. వెనకాలే నేనూ ఎక్కాను. నాకు రెండు చోట్ల ఆగాల్సి వచ్చింది, కానీ నేను చేరేసరికి ఆయన ఇంకా ముద్రను చేతిలో పట్టుకుని చూసుకుంటూనే ఉన్నారు.

"బాబూ, మరి మా ఇల్లు?"

"ప్రతి భవనానికి నామాంతర ఉత్తర్వు విడివిడిగా ఇవ్వాలి. వరుస క్రమంలో..."

"వరుసలో ముందు బిగించిన బోర్డు మాదే కదా బాబూ."

కాదనలేకపోయారు. మొదటి కాగితం ఆఫీసుకు, రెండోది మాకు. మిగతా మూడు వందల పదకొండూ ఇంకా ఆయన బల్ల మీదే ఉన్నాయి. రోజుకు నాలుగు చొప్పున అవుతున్నాయట.

మర్నాటికి మృగశిరకు ఇంకా రెండు రోజులుంది. ఆ తెల్లవారే వీధి వీధంతా మా మెట్ల మీదే ఉంది. పాత చీరలు తడిపి పరిచాం. వీరమణి మూడు కాయల గుమ్మడి పిండి తెచ్చి, వాళ్ళ అత్తవి ముందు పెట్టి తర్వాత మిగతావి పెట్టింది. నూకరాజు బిందెలతో నీళ్ళు మోశాడు. ఎర్ర జెండాను మాత్రం తీయనివ్వలేదు నేను. కాకులకు ఉండనీ అన్నాను.

ఎండ ముదురుతుండగా కింద గేటు చప్పుడైంది. పిట్టగోడ మీంచి వంగి చూశాను. మంచి జరీ చీర కట్టుకున్నావిడ, చంకలో చాప చుట్టతో నిలబడి ఉంది.

"మామ్మగారూ, నేను కమిషనర్ గారి భార్యనండీ. ఊరికి ఆదర్శంగా ఉంటుందని ఈయన మా క్వార్టర్స్ ముందూ మొక్క నాటించారు, బోర్డు మాత్రం అందరికన్నా చివర్న పడింది. మాది ఇంకా ఆకాశహర్మ్యమేనండీ. మా కాగితం వచ్చేసరికి శ్రావణం వస్తుందట. మినప్పిండి రుబ్బేశాను. ఓ మూల చోటిస్తారా?"

"రావమ్మా రా. తూర్పు మూల ఖాళీ ఉంది" అన్నాను.

ఆవిడ గబగబా ఎక్కేసింది. వెనక కమిషనర్ గారు. రెండు చేతులా పిండి గిన్నె పట్టుకుని, మొదటి మెట్టు ముందు ఆగిపోయారు. ఒక కాలు ఎత్తి, మళ్ళీ దించారు. తలెత్తి నా కేసి చూశారు.

"మామ్మగారూ, ఎక్కమంటారా?"

"చెప్పులు విప్పి రా బాబూ" అన్నాను.